నేరం మెరుపుది కాదు

ఆదివారం పొద్దున మల్కాజ్‌గిరి చుట్టుపక్కల మాక్రో లెన్స్ పట్టుకుని తిరిగే కుర్రాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. సఫిల్‌గూడ చెరువు కట్ట మీద కొందరు, మౌలాలి గుట్ట బండల మధ్య కొందరు, అంతదూరం పోలేనివాళ్లు ఆనంద్‌బాగ్‌లో ఎవరింటి ప్రహరీ పక్కనో, గోరింట పొద దగ్గరో. వాళ్లలో ఒకడు సంచిలోంచి ఫ్లాష్ తీసి కెమెరా నెత్తిన బిగించాడంటే చాలు, గుంపులో పెద్దమనిషి ఒకాయన అందుకుంటాడు: "తమ్మీ, అది బంద్ చెయ్. పాపం, తొండ కండ్లు పోతయ్." కుర్రాడు సిగ్గుపడి ఫ్లాష్ మళ్లీ సంచిలో పెట్టేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపుతారు.

ఆ తలూపుడు మీదే నా అభ్యంతరం.

తొండలను, బల్లులను దగ్గరగా ఫొటో తీసేవాళ్ల మధ్య ఈ మాట వేదవాక్కయి కూర్చుంది. ఫ్లాష్ వేస్తే ప్రాణి కళ్లు పాడవుతాయి, బెదిరిపోతుంది. పైగా ఫ్లాష్ బొమ్మ అబద్ధం, సహజమైన వెలుగులో తీసిందే నిజం. మొదటి సగం దయ పేరుతో చెలామణి అవుతోంది, రెండో సగం కళ పేరుతో. బొమ్మ కింద "ఫ్లాష్ వాడలేదు" అని రాసుకునేవాళ్లూ ఉన్నారు, బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్కలాగా. ఆ ఒక్క ముక్కతో బొమ్మకు మడి కట్టేసినట్టే. ఇక ఆ తొండ అక్కడికి ఎలా వచ్చింది, అంతసేపు కదలకుండా ఎందుకు కూర్చుంది అని ఎవరూ అడగరు.

సూటిగా చెప్తాను. పగటి ప్రాణి అయిన తొండకు ఫ్లాష్ చేసేది చాలా తక్కువ. చేత్తో పట్టుకోవడం, ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచడం, కొమ్మకు అంటించడం, తోక పట్టి లాగి కావలసిన చోట కూర్చోబెట్టడం చేసేది చాలా ఎక్కువ. ఫ్లాష్ మీద పెట్టిన ఈ నిషేధం ఆ రెండోదాన్ని కప్పిపెడుతోంది. అంతటితో ఆగితే నాకింత కోపం రాకపోను. ఆ నిషేధమే జనాన్ని రెండోదాని వైపు నెడుతోంది.

ముందు కళ్ల సంగతి చూద్దాం.

తొండ ఎండలో బతికే జీవి. మే నెలలో పదకొండు గంటలకు మౌలాలి బండ మీద మనం అరచెయ్యి ఆనించలేం. అది మాత్రం ముందుకాళ్ల మీద ఛాతీ ఎత్తి నింపాదిగా కూర్చుంటుంది. ఆ నడినెత్తి ఎండ తీవ్రత సుమారు లక్ష లక్స్. ట్యూబ్‌లైట్ వెలిగే మన హాలులో అదే కొలత రెండు మూడు వందలు దాటడం కష్టం. ఇప్పుడు ఫ్లాష్ లెక్క. ఫిల్మ్ రోజుల నుంచీ ఫొటోగ్రాఫర్లందరికీ కంఠతా వచ్చిన సూత్రం ఒకటుంది: మంచి ఎండలో ఎపర్చర్ ఎఫ్/16 పెడితే, ఐఎస్ఓ ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ తెరిస్తే సరిపోతుంది. మాక్రో లెన్స్‌తో అసలు సైజుకు, అంటే 1:1కి వెళ్లినప్పుడు సెన్సర్‌కు చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎఫ్/11 పెట్టినా అది ఎఫ్/22లాగే పనిచేస్తుంది. ఐఎస్ఓ 200 దగ్గర ఆ బొమ్మకు ఎండ ఒక్కటే చాలాలంటే షట్టర్ సెకనులో వందోవంతు సేపు తెరిచి ఉండాలి. అదే బొమ్మను పూర్తిగా ఫ్లాష్‌తో తీశామనుకోండి. సెన్సర్‌కు కావలసిన వెలుగు మారదు కదా! అంటే ఆ ఒక్క మెరుపులో తొండ మీద పడ్డ మొత్తం వెలుగు, మిట్టమధ్యాహ్నపు ఎండ సెకనులో వందోవంతులో దాని మీద కుమ్మరించేంతే. పొద్దస్తమానం ఎండ కాచుకునే జీవికి మనం అదనంగా ఇచ్చింది అదీ.

"అంతా ఒక్క క్షణంలో మీద పడుతుంది కదా" అంటారు. పడుతుంది. తక్కువ పవర్‌లో పెట్టిన ఫ్లాష్ సెకనులో పదివేలో వంతు పాటే వెలుగుతుంది, ఆ కాస్త సేపూ ఎండ కంటే ఎన్నో రెట్లు తీవ్రంగా ఉంటుంది. అయితే ఇంత కురచ మెరుపును కన్ను తీవ్రతను బట్టి గాక మొత్తం మోతాదును బట్టే గ్రహిస్తుందని 1885లోనే బ్లాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించాడు. అది మనిషి కంటి మీద తేలిన సంగతి. తొండ కన్నూ మన కన్నూ ఒకటేనని నేననను. దీపాన్ని నేరుగా దాని మొహానికి గురిపెట్టడం వేరు, ఎండ పైనుంచి పడటం వేరు అంటే అదీ ఒప్పుకుంటాను. అందుకే కదా డిఫ్యూజర్ అనే వస్తువు ఉన్నది! చిన్న దీపాన్ని పళ్లెమంత తెల్లటి తెరగా మార్చితే వెలుగు మెత్తబడుతుంది, ఒకే చుక్కగా కంట్లో గుచ్చుకోదు. థర్మోకోల్ షీటు, ట్రేసింగ్ కాగితం, ఖాళీ చిప్స్ డబ్బా ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. "కండ్లు పోతయ్" అని తీర్పు చెప్పే పెద్దలు ఈ మాత్రం వివరంలోకైనా దిగితే వాదించుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

బల్లి దగ్గర నేను స్వరం తగ్గిస్తాను. అది రాత్రి జీవి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో లీనా రోత్, ఆల్ముట్ కెల్బర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2004లో ఆఫ్రికాకు చెందిన ఒక బల్లి జాతిని పరీక్షించారు. మనకు రంగులు ఇక ఆనవు అనిపించేంత మసక చీకట్లో అది రంగులు పోల్చుకోగలిగింది. ఆ స్థితిలో దాని చూపు మనిషి చూపు కంటే 350 రెట్లు సున్నితం అని వాళ్ల లెక్క. కటిక చీకట్లో కంటిపాప పూర్తిగా విప్పుకుని ఉన్న అలాంటి జీవి మొహాన ఫ్లాష్ కొడితే దానికి కాసేపు ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి చీకట్లో బల్లిని వెతికి వరసగా మెరుపులు కురిపించేవాణ్ణి నేను వెనకేసుకు రాను. కొమ్మ చివర కళ్లు మూసుకుని నిద్రపోయే తొండను రాత్రిపూట దీపాలతో లేపేవాణ్ణీ వెనకేసుకు రాను.

కానీ మల్కాజ్‌గిరిలో మనం ఫొటో తీసే బల్లి చీకట్లో ఎక్కడుంది? అది మన ట్యూబ్‌లైట్ పట్టీ పక్కనే కాపురం పెట్టింది. పురుగులు దీపానికి వస్తాయి, అది పురుగులకు వస్తుంది. అక్కడ దాని కంటిని మాక్రో లెన్స్‌లో చూడండి. కనురెప్ప ఉండదు. కంటి మీద గాజు బిళ్లలాంటి పారదర్శకమైన పొర, దుమ్ము పడితే నాలుక చాచి తుడుచుకుంటుంది. పాప అప్పటికే సన్నటి నిలువు గీతగా ముడుచుకుని ఉంటుంది. ఆ గీత అంచులు నున్నగా ఉండవు, అలలు అలలుగా నొక్కులు పడి ఉంటాయి. వెలుగు పెరిగేకొద్దీ నొక్కుల మధ్య సూదిబెజ్జాల్లాంటి సందులే మిగులుతాయి. రాత్రి చూపు కోసం తయారైన కన్ను వెలుగును తట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. దీపం దగ్గరి బల్లిని రెండు మూడు మెరుపుల్లో తీసి వదిలేస్తే దాని వేట ఆగదు, దాని మానాన అది మళ్లీ పురుగు వైపు జరుగుతుంది. చెరువు కట్ట మీద వాకింగ్ చేసేవాళ్ల కోసం రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే ఎల్ఈడీ దీపాల గురించి మాత్రం ఫ్లాష్ వ్యతిరేకులు పల్లెత్తు మాట అనరు. సెకనులో పదివేలో వంతు వెలిగే దీపం హింస, రాత్రంతా వెలిగే దీపం సుందరీకరణ!

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నాకొక ఊహ ఉంది. అజంతా గుహల్లో ఫ్లాష్ వద్దంటారు. అక్కడ కాపాడుతున్నది వందల ఏళ్ల నాటి రంగులను. మ్యూజియాల్లో ఫ్లాష్ వద్దంటారు, పాత బట్టలూ కాగితాలూ వెలిసిపోతాయని. బహదూర్‌పురా జూలో నిశాచర జంతువుల గది చీకటిగా ఉంచుతారు, అక్కడా ఫ్లాష్ కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. ఒక్కో చోట ఒక్కో కారణం. కారణాలు అక్కడే రాలిపోయి బోర్డు ఒక్కటే మన బుర్రలోకి ఎక్కింది. అజంతా గోడకు వేలాడాల్సిన బోర్డు మౌలాలి తొండ మెడలో పడింది. మరి పులుల లెక్కకు అడవుల్లో కెమెరా ట్రాప్‌లు పెడతారు కదా. ఒక్కో పులిని విడిగా గుర్తుపట్టేది చారల్ని బట్టి, చారలు స్పష్టంగా రావాలంటే తెల్లటి ఫ్లాష్ కావాలి. 2018 నాటి జాతీయ పులుల గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. రాత్రి తిరిగే పులికి అంత మెరుపు పనికొచ్చినప్పుడు, పట్టపగలు ఎండలో కూర్చునే తొండకు మనం వేసే ఒక్క మెరుపు మహాపాతకం ఎలా అయింది?

ఇక అసలు విషయానికి వస్తాను. మాక్రో ఫొటోకు ఫ్లాష్ ఎందుకు? షోకు కోసం కాదు. 1:1 దగ్గర, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, ఎఫ్/11 పెట్టినా పదునుగా వచ్చే మందం సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఎఫ్/4కు తెరిస్తే అర మిల్లీమీటరు. తొండ కన్ను పదునుగా వస్తే ముక్కు మసక, ముక్కు వస్తే కన్ను మసక. ఎపర్చర్ మూయక తప్పదు, మూస్తే వెలుగు చాలదు. ఇందాక ఎండలో సెకనులో వందోవంతు అన్నాను కదా, అదే బొమ్మకు చెట్టునీడలో సుమారు పన్నెండో వంతు కావాలి. అంతసేపట్లో మన చెయ్యి వణుకుతుంది, గాలికి కొమ్మ ఊగుతుంది, తొండ గొంతు కింద చర్మం పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంటుంది. ఫ్లాష్ ఉంటే ఈ మూడూ లెక్కలోకి రావు. పదివేలో వంతులో గొంతూ ఆగిపోతుంది, చెయ్యీ ఆగిపోతుంది. తొండ తన పని తాను చేసుకుంటూ ఉండగానే బొమ్మ వచ్చేస్తుంది.

ఫ్లాష్ తీసేయండి. ఇప్పుడు బొమ్మ కావాలంటే ఏదో ఒకటి కదలకుండా ఉండాలి. కెమెరాను ట్రైపాడ్ ఆపుతుంది. తొండను ఎవరు ఆపాలి?

ఇక్కడే ఆ "సహజ కాంతి" బొమ్మల వంటగది తలుపు తెరుచుకుంటుంది. నున్నగా, ముక్కు నుంచి మెడ దాకా ప్రతి పొలుసూ పదునుగా, వెనక ఆకుపచ్చ మసకతో వచ్చే బొమ్మలు చాలావరకు ఫోకస్ స్టాకింగ్‌తో చేసినవి. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన పది ఇరవై బొమ్మలను కంప్యూటర్‌లో కలుపుతారు. ఆ పది ఇరవై బొమ్మల సేపూ జీవి రాయిలా ఉండాలి. తెల్లవారుజామున చలికి బిగుసుకున్నప్పుడు, ఓపికుంటే, నిజాయితీగానే అది కుదురుతుంది. దానికి దణ్ణం పెడతాను. ఓపిక లేనివాడికి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో తోయడం ఉంది. తొండలకూ బల్లులకూ ఒంటి వేడి బయటి నుంచే రావాలి. చల్లబడితే కండరాలు పనిచెయ్యవు, పారిపోవాలన్నా కాళ్లు రావు. దాన్ని తీసి పువ్వు మీద పెట్టి, కిటికీ పక్కన, ఏ దీపమూ లేకుండా ఫొటో తీసి కింద "సహజ కాంతి" అని రాస్తారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అంటే ఇదే.

ఫ్రిజ్ ఒక్కటే కాదు. పల్లెటూళ్లలో పిల్లలు కొబ్బరి ఈనె చివర ఉచ్చు వేసి తొండలను పట్టే ఆట ఆడేవాళ్లు. ఇప్పుడు ఆ ఈనె చోట చేపల గాలం దారం వచ్చింది, ఆట చోట "సెటప్ షాట్" అన్న పేరు వచ్చింది. బల్లి దొరక్కపోతే తోక పట్టుకుంటారు. తోక వాళ్ల చేతిలో ఊడొస్తుంది. మళ్లీ మొలుస్తుందిలే అని నవ్వుతారు. మొలుస్తుంది, కానీ చాలా బల్లులకు ఆ తోకే కొవ్వు దాచుకునే గాదె, తిండి దొరకని రోజులకు ఆధారం. కొన్నేళ్ల కింద ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక బొమ్మ లోకమంతా తిరిగింది: ఆకును గిటారులా ఒళ్లో పెట్టుకున్న తొండ. అది ఎలా సాధ్యమైందని అప్పుడే చాలామంది నిలదీశారు. మన దగ్గర అదే బొమ్మను "గుడ్ మార్నింగ్" అని పంపుకున్నారు. ఆ బొమ్మ చూసి ముచ్చటపడ్డ చేతితోనే "ఫ్లాష్ వద్దు" అని నీతి చెప్పడం నాకు మింగుడుపడదు.

పట్టుకుని తీసిన బొమ్మను గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. ఆకు పొడిగా ఉండి తొండ ఒంటి మీద మాత్రమే మంచు బిందువులుంటే అనుమానించండి. పగలు కళ్లు సగం మూసుకుని ఒళ్లు నల్లబడి ఉంటే అనుమానించండి. బండల మీద బతికేది మందారం మీద కూర్చుంటే అనుమానించాల్సిన పనే లేదు, అది అబద్ధమే. ఈ మూడింట్లో ఒక్కదాన్నైనా పట్టుకోవడానికి ఫ్లాష్ వాడారా లేదా అన్న ప్రశ్న పనికిరాదు.

లండన్‌లో ఏటా జరిగే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి ఒక స్పెయిన్ ఫొటోగ్రాఫర్ తీసిన తోడేలు బొమ్మకు వచ్చింది. రాత్రివేళ, గేటు మీంచి దూకుతున్న తోడేలు. 2010 జనవరిలో ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. కారణం ఆ చీకట్లో దీపాలు వెలిగించారని కాదు. అది పెంపుడు తోడేలు అయి ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చారు. అదే పోటీలో చీమలు తినే జంతువు బొమ్మ ఒకటి 2017లో బహుమతి గెలుచుకుని 2018లో పోగొట్టుకుంది. అది చచ్చాక తోలులో దూది కూరి నిలబెట్టిన జంతువు అని తేలింది. రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే: ఆ జీవి తనంతట తాను అక్కడికి వచ్చిందా? అక్కడివాళ్లు ఆ ప్రశ్న దగ్గరికి వచ్చారు, మనం ఇంకా దీపం దగ్గరే ఆగిపోయాం.

సముద్రం అడుగున ఫొటోలు తీసేవాళ్ల మధ్య కూడా ఇదే గొడవ ఏళ్ల తరబడి నడిచింది. సముద్రపు గుర్రాలనే చేపల మీద ఫ్లాష్ వెయ్యవచ్చా లేదా అని. ఆస్ట్రేలియాలో మార్టెన్ డి బ్రౌవర్ బృందం దాన్ని పరీక్షకే పెట్టింది. 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన వాళ్ల ఫలితం ఏమిటంటే, ఫ్లాష్ వల్ల సముద్రపు గుర్రాల కళ్లకు హాని కనిపించలేదు, ప్రవర్తన మీద దాని ప్రభావం మనిషి దగ్గరికి రావడం కంటే ఎక్కువేమీ లేదు. చేత్తో ముట్టుకుని కదిలిస్తే మాత్రం చేపలు గట్టిగా స్పందించాయి. చేప తొండ కాదు, తెలుసు. కానీ ఏ అనుమానాన్ని ఎటువైపు పరీక్షించాలో ఆ పరిశోధన దారి చూపింది: వేలి వైపు.

మన చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల పన్నడం, తరమడం, ఎర చూపడం, చివరికి ఆ ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. ఉడుము ఆ చట్టం ఒకటో షెడ్యూలులో ఉంది. ఉడుమునో ఊసరవెల్లినో చేత్తో పట్టుకుని కొమ్మ మీద కూర్చోబెట్టి దీపం లేకుండా ఫొటో తీసినవాడు సాధుజీవి అవ్వడు, నిందితుడవుతాడు.

ఇక "ఫ్లాష్ బొమ్మ అబద్ధం" అన్న రెండో ఆరోపణ. ఇందులో ఒక సత్యం ఉంది, ముందే ఒప్పుకుంటాను. పట్టపగలు తీసిన తొండ వెనక కారునలుపు కనిపిస్తే చిరాకేస్తుంది. నుదుటి మీద తెల్లటి మచ్చ, కళ్లలో రెండు సూదిమొనలు, ఒళ్లంతా నూనె పూసినట్టు మెరుపు. అయితే అది తీసినవాడి చేతకానితనం. ఫ్లాష్ వెలుగు దూరంతో పాటు వేగంగా తగ్గిపోతుంది కాబట్టి వెనక ఉన్నదాని మీదకు అది చేరదు. షట్టర్ కొంచెం నెమ్మది చేసి, ఐఎస్ఓ కాస్త పెంచి, ఎండను కూడా లోపలికి రానిస్తే ఆకులు ఆకుపచ్చగానే ఉంటాయి. వంట మాడితే పొయ్యిని నిషేధించం కదా.

ఫ్లాష్ ట్యూబులో వెలుగు రంగు దాదాపు మధ్యాహ్నపు ఎండ రంగే. చెట్టునీడే తప్పుడు రంగు, ఆకాశపు నీలం, ఆకుల పచ్చ కలిసి తొండ ఒంటికి పూసుకుంటాయి. ఏది నిజం? హమ్మింగ్‌బర్డ్ రెక్క ఎలా కొట్టుకుంటుందో, పాలచుక్క పడితే కిరీటంలా ఎలా లేస్తుందో లోకానికి కళ్లకు కట్టినట్టు చూపించింది అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ కనిపెట్టిన ఫ్లాష్ దీపమే. ఆయనకు ముందు 1906లోనే జార్జ్ షైరస్ రాత్రి అడవిలో మెగ్నీషియం పొడి పేల్చి తీసిన జింకల బొమ్మలను నేషనల్ జియోగ్రాఫిక్ అచ్చువేసింది. ఢామ్మని పేలే ఆ పొడితో పోలిస్తే మన చేతిలోది ఎంత సాధుదీపమో!

తొండ విషయంలో నిజం అనేది రంగుతోనూ, ఆ రంగు పుట్టిన సందర్భంతోనూ ముడిపడి ఉంది. మౌలాలి గుట్ట మీద, రైల్వే పట్టాల పక్కన మిగిలిన బండల మీద ఉండే తొండ మన ప్రహరీ మీది తొండ కాదు. ఆ బండల తొండను శాస్త్రవేత్తలు సామోఫిలస్ అంటారు. ఆడదీ, పిల్లా రాయి రంగులోనే ఉంటాయి, కదిలితే తప్ప కనపడవు. మగది మాత్రం జతకట్టే కాలంలో వేషం మారుస్తుంది. ఈ జాతి మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మరియా ఠాకర్ బృందం చాలాకాలంగా పనిచేస్తోంది. వాళ్లు చూపించిన సంగతి అబ్బురం: ఆడదాని ముందు మగదాని వీపు ఎర్రబడి పక్కలు నల్లబడతాయి, ఇంకో మగది ఎదురైతే అదే వీపు పసుపు, పక్కలు నారింజ. అదీ కొద్ది క్షణాల్లో. నగరపు అంచుల్లో పెరిగిన ఈ తొండలు పల్లెపట్టుల్లోని వాటికంటే తొందరగా సురక్షితమైన చోటును నేర్చుకుంటాయని 2019లో అదే బృందం రాసింది.

ఇప్పుడు చెప్పండి. ఆ ఎరుపు మీ చేతిలో దొరుకుతుందా? ఫ్రిజ్‌లోంచి తీసిన తొండ ఎవరిని చూసి ఎర్రబడుతుంది? ఆ రంగు అది ఇంకో తొండతో అంటున్న మాట. స్వేచ్ఛగా ఉండాలి, మనల్ని పట్టించుకోకుండా ఉండాలి, కదులుతూ ఉండాలి, అప్పుడే అది పలుకుతుంది. తలాడిస్తూ, ముందుకాళ్ల మీద దండాలు తీస్తూ ఉన్న ఆ మగదాన్ని ఫ్లాష్‌తో తీసిన బొమ్మలో దగ్గరగా చూస్తే కంటి చుట్టూ చిన్న చిన్న పొలుసులతో కట్టిన గుండ్రటి బురుజు, దాని నడుమ నల్లపాప. కొంచెం వెనకగా చెవి రంధ్రం, లోపలి పొర మీద వెలుగు పడి మెరుస్తుంది. మెడ మడతలో ఒక్కోసారి ఎర్రటి పేలపిండి లాంటిది కనిపిస్తుంది, అవి దాని రక్తం తాగే నల్లులు. చల్లబరిచి పువ్వు మీద కూర్చోబెట్టినవాడు ఆ నల్లులను కంప్యూటర్‌లో చెరిపేస్తాడు. ఫ్లాష్ అబద్ధం, ఇది నిజమా?

నేను ఫ్లాష్‌ను పూజించమనడం లేదు. తొండకు నిజంగా ఇబ్బంది కలిగించేది మనం మీద పడటం. 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో 1:1కి వెళ్తే లెన్స్ మొనకూ తొండకూ మధ్య జానెడు కూడా ఉండదు. ఆ సైజులో ఫ్రేములో పట్టేది 36 మిల్లీమీటర్ల వెడల్పే, అంటే ఒక్క తల. ప్రతి బొమ్మా అలా ఉండాలని ఎవరు రాసిపెట్టారు? సగం సైజుకు వెనక్కి జరిగితే తొండకు ఊపిరాడుతుంది, దాని చుట్టూ ఉన్న బండ కూడా బొమ్మలోకి వస్తుంది. నీడ దాని మీద పడకుండా, పక్కనుంచి, కూర్చుని, ఆగి ఆగి వెళ్లాలి. అది తలెత్తితే ఆగాలి. పారిపోతే వెంటపడకూడదు. గుడ్లు పెట్టడానికి నేల గీరుతున్న ఆడతొండ జోలికి అసలే పోకూడదు. ఇవేవీ ఫ్లాష్‌కు సంబంధించిన నియమాలు కావు, మనిషి ఒంటికి సంబంధించినవి. అందుకే కాబోలు ఎవరికీ ఇష్టం ఉండదు. ఒక మీట నొక్కి దీపం ఆర్పితే పుణ్యం వచ్చేటప్పుడు గంటసేపు బండ మీద చతికిలబడటం ఎందుకు!

ఆ బండలే ఎన్నాళ్లు ఉంటాయో. మౌలాలి గుట్టలది సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాన్ని పగలగొట్టి కట్టిన ఇళ్లలోనే మనం ఏసీ వేసుకుని తొండ కళ్ల గురించి బాధపడుతున్నాం. మరోపక్క పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూసుకుని, కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చి, వంటింట్లో బల్లి కనబడితే చీపురు తీస్తాం. బల్లికి మనవల్ల ఉన్న ముప్పుల చిట్టా రాస్తే ఫ్లాష్ ఆ చిట్టా అట్టడుగున ఉంటుంది. దాన్ని తెచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టాం, ఎందుకంటే అది ఇతరుల చేతిలో కనిపిస్తుంది, మన చేతిలో ఉన్నవి కనిపించవు.

అందుకని ఫొటో పోటీలు పెట్టే సంఘాలకు, ఆదివారం నడకలు నడిపే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. దరఖాస్తులో "ఫ్లాష్ వాడారా?" అన్న గడిని కొట్టేయండి. దాని చోట నాలుగు గళ్లు పెట్టండి: ఈ జీవిని పట్టుకున్నారా? చల్లబరిచారా? దాని చోటు మార్చారా? ఏదైనా కట్టారా, అంటించారా? బహుమతి ఇచ్చేముందు ఆ బొమ్మకు ముందూ వెనకా తీసిన అసలు ఫైళ్లు అడగండి. అవి చూపించలేనివాడి బొమ్మ ఎంత సహజ కాంతిలో ఉన్నా పక్కన పెట్టండి. ఈ ఆదివారం గుట్ట మీద మీ పక్క కుర్రాడు ఫ్లాష్ తీస్తే మందలించకండి, అతని డబ్బాలో ఏముందో మాత్రం అడగండి.